బోర్డు లేకుండా వాచ్‌డాగ్ పరీక్ష: క్యూఎములో ఎస్‌టీఎం32 పెరిఫెరల్ మోడల్ మొదట్నుంచి రాయడం

గుంటూరు చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎన్నున్నాయో ఇక్కడోళ్లకి చెప్పక్కర్లేదు. వాటి గదుల్లో టెంపరేచర్ రాసుకునే చిన్న బోర్డులకి ఫర్మ్‌వేర్ రాయడం మా పని, బ్రాడీపేటలో ఒక గది, ఇద్దరు కుర్రాళ్లు, నేను. చిప్పు ఎస్‌టీఎం32ఎఫ్405. పోయినేడు ఒకచోట పెట్టిన బోర్డు రోజుకి రెండు మూడుసార్లు దానంతటదే రీసెట్ అయ్యేది, తీసుకొచ్చి మా టేబుల్ మీద ఏసీలో పెడితే వారం రోజులైనా కదలకుండా నడిచేది. చాలా తంటాలు పడ్డాక తేలిందేంటంటే ఎస్‌డీ కార్డులో పాత ఫైలు మూసి కొత్తది తెరిచేటప్పుడు ఒక్కోసారి ఒకటిన్నర సెకను దాటిపోతోంది, ఆ సేపట్లో మెయిన్ లూప్ వాచ్‌డాగ్‌ని (పెట్టిన టైములోగా ప్రోగ్రామ్ పలకరించకపోతే చిప్పుని రీసెట్ చేసే టైమర్) కిక్ చేయట్లేదు, అంటే పలకరించట్లేదు, అది చిప్పుని రీసెట్ చేసేస్తోంది. మేమేమో టైమౌట్ రెండు సెకన్లు పెట్టాం కదా అనే ధీమాతో ఉన్నాం.

నాకు బాధేసింది ఎక్కడంటే, అదే ఫర్మ్‌వేర్‌ని క్యూఎములో (బోర్డు లేకుండా కంప్యూటర్లోనే చిప్పుకి నకలు పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) నెలల తరబడి నడిపాం, ఒక్కసారి కూడా బయటపడలేదు. కారణం చూస్తే నా దగ్గరున్న క్యూఎము సోర్స్‌లో ఆ చిప్పుకి వాచ్‌డాగే లేదు, ఆ అడ్రస్ దగ్గర ఖాళీ డబ్బా ఒకటి పెట్టి ఉంది. ఆ డబ్బా తీసేసి నిజంగా రీసెట్ చేసే వాచ్‌డాగ్ మోడల్ పెట్టడం ఎలాగో ఇక్కడ మొత్తం రాస్తున్నా. దీనికి రిజిస్టర్లు నాలుగే కాబట్టి మొదటిసారి రాసేవాళ్లకి ఇంతకంటే మంచి పెరిఫెరల్ (చిప్పులో ప్రాసెసర్ పక్కనుండే హార్డ్‌వేర్ ముక్క) దొరకదు, కానీ తాళం, టైమర్, రీసెట్ అన్నీ ఇందులో ఉన్నాయి.

ఒక మాట ముందే. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నా, సోర్స్‌లో వెతికేటప్పుడు మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టి ఇంగ్లీషులో కొట్టండి, దొరుకుతాయి. సీ భాష, పాయింటర్లు వచ్చుండాలి, మిగతాది నేర్చుకుంటూ పోవచ్చు.

1. బిల్డ్ చేసుకోవడం

లైనక్స్ మెషీన్ కావాలి. గిట్, నింజా, పైథాన్, గ్లిబ్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ ఉంటే చాలావరకు సరిపోయిద్ది. సోర్స్ క్లోన్ చేశాక కాన్ఫిగర్ స్క్రిప్టుకి టార్గెట్ లిస్ట్ కింద ఆర్మ్ సాఫ్ట్‌ఎంఎంయూ ఒక్కటే ఇవ్వండి. ఇది మర్చిపోతే ప్రపంచంలో ఉన్న ప్రాసెసర్లన్నింటికీ బిల్డ్ మొదలయ్యిద్ది, మామూలు ల్యాప్‌టాప్ మీద ఇక ఆ పూట గడిచిపోయినట్టే.

మెషీన్ కింద ఓలిమెక్స్ ఎస్‌టీఎం32 హెచ్405 తీసుకోండి, అందులో ఉండేది మన ఎఫ్405 చిప్పే. కెర్నల్ ఆప్షన్‌కి మీ ఫర్మ్‌వేర్ ఈఎల్‌ఎఫ్ ఫైలు ఇచ్చి, నోగ్రాఫిక్ పెట్టి నడపండి. ఏదీ మార్చకముందే ఒకసారి ఇలా నడిపి చూసుకోవాలి, లేకపోతే తర్వాత ఏది ఎవరివల్ల చెడిందో తెలీదు.

2. ఫర్మ్‌వేర్ ఏం అడుగుతోందో వినడం

కోడ్ మొదలెట్టే ముందు డ్యాష్ డీ ఆప్షన్‌కి అన్‌ఇంప్, గెస్ట్ ఎర్రర్స్ అనే రెండూ కామాతో కలిపి ఇచ్చి లాగ్ ఫైల్లోకి తీసుకోండి. క్రియేట్ అన్‌ఇంప్లిమెంటెడ్ డివైస్ అనే ఫంక్షన్‌తో పెట్టినవే నేను ఖాళీ డబ్బాలు అంటున్నవి, వాటిని ఏ ఆఫ్‌సెట్ దగ్గర చదివారో, ఏ విలువ రాశారో అన్నీ వరసగా కనిపిస్తాయి. చదివితే ఎప్పుడూ సున్నా వచ్చిద్ది, రాస్తే గాల్లో కలిసిపోయిద్ది.

మా ఫర్మ్‌వేర్ చిప్పు తయారుచేసే ఎస్‌టీ వాళ్ల హాల్ లైబ్రరీ వాడిద్ది. లాగ్‌లో ఐడబ్ల్యూడీజీ (ఇండిపెండెంట్ వాచ్‌డాగ్, మన వాచ్‌డాగ్ పేరే) దగ్గర కనపడిన వరస ఇది, కీ విలువలన్నీ హెక్స్‌లో: ముందు కీ రిజిస్టర్లో సీసీసీసీ, తర్వాత 5555, తర్వాత ప్రీస్కేలర్, రీలోడ్ విలువ, ఆ తర్వాత స్టేటస్ రిజిస్టర్ సున్నా అయ్యేదాకా చదవడం, చివర్లో కీలో ఏఏఏఏ. స్టేటస్ సున్నా కావాలని లైబ్రరీ ఎదురుచూసిద్ది, ఖాళీ డబ్బా ఎప్పుడూ సున్నానే ఇచ్చిద్ది, కాబట్టి అంతా సవ్యంగా ఉన్నట్టే దాటిపోయిద్ది. అదే ఏదైనా రెడీ బిట్ 1 కావాలని ఎదురుచూసే పెరిఫెరల్ అయితే ఫర్మ్‌వేర్ అక్కడే ఆగిపోయి మనకి వెంటనే తెలిసేది. అంటే గట్టిగా ఆగిపోయే చోటు మంచిదే, ఇలా నోరు మూసుకుని ఒప్పుకునే ఖాళీ డబ్బాలే మనల్ని నమ్మించి ముంచుతాయి.

3. మాన్యువల్ చదవడం, అసలు పని ఇక్కడే ఉంది

ఎఫ్405కి ఎస్‌టీ రిఫరెన్స్ మాన్యువల్ నంబరు ఆర్‌ఎం0090. ఇండిపెండెంట్ వాచ్‌డాగ్ చాప్టర్ చిన్నదే, కానీ ఒక్కో వాక్యం రెండుసార్లు చదవండి. కోడ్ రాయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది, ఆ నాలుగు పేజీలు అర్థం చేసుకోడానికి రెండు రోజులు పట్టింది, ఎవరికైనా ఆ లెక్కలోనే ఉండాలనుకుంటా.

బేస్ అడ్రస్ హెక్స్‌లో 40003000. ఆఫ్‌సెట్ 0 దగ్గర కీ రిజిస్టర్, 4 దగ్గర ప్రీస్కేలర్, 8 దగ్గర రీలోడ్, హెక్స్ సీ అంటే 12 దగ్గర స్టేటస్. ప్రీస్కేలర్ 3 బిట్లు: 0 రాస్తే క్లాకుని 4తో భాగించిద్ది, 1కి 8, అలా రెట్టింపవుతూ 6కి 256, 7కి కూడా 256నే. రీలోడ్ అంటే కౌంటర్ సున్నా వైపు దిగడం మొదలెట్టే విలువ, 12 బిట్లు, రీసెట్ అయినప్పుడు అందులో ఉండేది హెక్స్ ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ అంటే 4095. క్లాకు ఎల్‌ఎస్‌ఐ అనే లోపలి ఆసిలేటర్, మామూలుగా 32 కిలోహెర్ట్జ్. టైమౌట్ లెక్క: రీలోడ్‌కి ఒకటి కలిపి, ప్రీస్కేలర్‌తో హెచ్చవేసి, 32000తో భాగించాలి. మా ఫర్మ్‌వేర్లో రీలోడ్ 1999, ప్రీస్కేలర్ 32, కాబట్టి 2000 × 32 ÷ 32000 = 2 సెకన్లు. అత్యధికంగా 4096 × 256 ÷ 32000, అంటే 32.768 సెకన్లు.

ఇప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది, నేను ఈ మొత్తం పనిలో నేర్చుకుంది కూడా ఇదొక్కటే: రిజిస్టర్ అంటే వేరియబుల్ కాదు. దానికి రాయడం ఒక సంఘటన, చదవడం కూడా సంఘటనే. కొత్తగా రాసేవాళ్లందరూ నాలుగు రిజిస్టర్లకి నాలుగు మెంబర్లు పెట్టి, రాస్తే దాచి, చదివితే ఇచ్చి పని అయిపోయిందనుకుంటారు. మా కుర్రాడూ అలాగే రాశాడు, నేనూ మొదట్లో అలాగే రాశాను. కానీ కీ రిజిస్టర్ చూడండి, అందులో ఏదీ నిలవ ఉండదు, చదివితే సున్నా. 5555 రాస్తే ప్రీస్కేలర్‌కీ రీలోడ్‌కీ తాళం తీసినట్టు. ఏఏఏఏ రాస్తే కౌంటర్లోకి రీలోడ్ విలువ మళ్లీ ఎక్కిద్ది, తాళం పడిపోయిద్ది. సీసీసీసీ రాస్తే వాచ్‌డాగ్ మొదలయ్యిద్ది, ఒకసారి మొదలయ్యాక రీసెట్ తప్ప దాన్ని ఆపే దారి లేదు. వేరే ఏ విలువ రాసినా తాళం పడిపోయిద్ది.

ఇంకో వాక్యం చాలామంది దాటేస్తారు. సీసీసీసీతో మొదలెట్టినప్పుడు కౌంటర్ మీరు పెట్టిన రీలోడ్ నుంచి దిగదు, ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ నుంచి దిగిద్ది. రీలోడ్ విలువ మొదటి ఏఏఏఏ తర్వాతే అమల్లోకి వచ్చిద్ది. అంటే ప్రీస్కేలర్ ముట్టుకోకుండా ముందు వాచ్‌డాగ్ మొదలెట్టేసి, తర్వాత తీరిగ్గా ఎస్‌డీ కార్డు ఇనిషియలైజ్ చేసుకుంటూ కూర్చుంటే 512 మిల్లీసెకన్లలో రీసెట్. ఆ తేడా మోడల్లో లేకపోతే మోడల్ రాసి ఉపయోగం లేదు.

4. స్టేట్ స్ట్రక్చర్, టైప్

హెచ్‌డబ్ల్యూ డైరెక్టరీలో వాచ్‌డాగ్ అనే ఫోల్డర్ ఉంది, మన ఫైలు అక్కడే పెట్టాలి. అందులోనే సీఎంఎస్‌డీకే ఏపీబీ వాచ్‌డాగ్ అనే ఫైలు ఉంది, తాళం రిజిస్టర్ ఉన్న వాచ్‌డాగే అది కూడా, రాసే ముందు దాన్ని పూర్తిగా చదవండి. కాపీ కొట్టమని కాదు, క్యూఎము వాళ్ల అలవాట్లు తెలుస్తాయని.

స్ట్రక్చర్లో మొదటి మెంబర్ సిస్‌బస్ డివైస్ అయ్యుండాలి, మొదటిదే అయ్యుండాలి, ఎందుకంటే క్యూఎము ఆబ్జెక్ట్ మోడల్లో వారసత్వం మొత్తం ఆ లేఅవుట్ మీదే నిలబడి ఉంది. తర్వాత ఒక మెమరీ రీజియన్, ఒక క్యూఎము టైమర్ పాయింటర్, ప్రీస్కేలర్, రీలోడ్, తాళం తీసి ఉందా అనే బూల్, మొదలైందా అనే బూల్, ఎల్‌ఎస్‌ఐ ఫ్రీక్వెన్సీ (దీన్ని బయటినుంచి మార్చేలా డివైస్ ప్రాపర్టీగా పెట్టండి). కీకి మెంబర్ లేదు చూశారా, అది దాచుకునే వస్తువు కాదు మరి. నడుస్తున్న కౌంటర్‌కి కూడా మెంబర్ లేదు, దాన్ని సాఫ్ట్‌వేర్ చదవలేదు కాబట్టి గడువు ఎప్పుడో తెలిస్తే చాలు. కౌంటర్ విలువ బయటికి కనపడే టైమర్ అయితే పీటైమర్ వాడుకోండి, అది దిగే కౌంటర్‌ని అదే చూసుకుంటది.

ఆబ్జెక్ట్ డిక్లేర్ సింపుల్ టైప్ మాక్రో హెడర్లో పెట్టి, టైప్ఇన్ఫోలో పేరెంట్ కింద సిస్‌బస్ డివైస్, ఇన్‌స్టెన్స్ సైజు, ఇనిట్, క్లాస్ ఇనిట్ ఇవ్వండి. ఇన్‌స్టెన్స్ ఇనిట్‌లో మెమరీ రీజియన్ ఇనిట్ ఐఓ పిలిచి, సిస్‌బస్ ఇనిట్ ఎంఎంఐఓకి అప్పజెప్పాలి. రీజియన్ సైజు హెక్స్‌లో 400. రియలైజ్‌లో టైమర్ తయారుచేయండి.

ఏ క్లాకు వాడతారనేది పెద్ద విషయం. క్యూఎము క్లాక్ వర్చువల్ వాడండి. జీడీబీ డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగినప్పుడు ఈ క్లాకు కూడా ఆగిపోయిద్ది, రియల్‌టైమ్ క్లాకు పెట్టారంటే మీరు వేరియబుల్స్ చూస్తూ టీ తాగేలోపు వాచ్‌డాగ్ రీసెట్ కొట్టేసిద్ది. నిజం చిప్పులో అయితే డీబగ్గర్ ఆపినా ఇది దిగుతూనే ఉంటది, ఆపాలంటే డీబగ్ యూనిట్లో దానికో బిట్ ఉంది. ఆ బిట్‌ని నేను మోడల్ చేయలేదు, మాకు అవసరం రాలేదు.

5. చదవడం, రాయడం

మెమరీ రీజియన్ ఆప్స్‌లో రీడ్, రైట్ అనే రెండు ఫంక్షన్లు. రెండింట్లోనూ ఆఫ్‌సెట్ మీద స్విచ్.

రీడ్ సులువు: కీకి సున్నా, ప్రీస్కేలర్‌కి ప్రీస్కేలర్, రీలోడ్‌కి రీలోడ్, స్టేటస్‌కి సున్నా. స్టేటస్ గురించి మాత్రం తెలిసి తీసుకున్న నిర్ణయం ఇది. నిజం చిప్పులో కొత్త విలువ ఎల్‌ఎస్‌ఐ వైపు చేరడానికి కొన్ని సైకిల్స్ పట్టిద్ది, అంతసేపూ అందులో 0వ బిట్, 1వ బిట్ వెలుగుతాయి. నేను వెంటనే చేరినట్టే చూపించా. దీంతో, ఆ బిట్లు చూడకుండా రెండోసారి రాసేసే తప్పు ఫర్మ్‌వేర్ నా మోడల్లో దొరకదు, ఆ సంగతి ఫైల్ పైన కామెంట్లో రాసిపెట్టా. మోడల్ ఏం చేయదో రాసిపెట్టడం కూడా మోడల్ రాయడంలో భాగమే అండి, వదిలిపెట్టొద్దు.

రైట్‌లో కీ దగ్గర విలువ మీద లోపల ఇంకో స్విచ్. 5555 అయితే తాళం తీసినట్టు ట్రూ పెట్టు. ఏఏఏఏ అయితే తాళం వేసి, మొదలై ఉంటే గడువుని రీలోడ్‌తో మళ్లీ లెక్కేయి. సీసీసీసీ అయితే తాళం వేసి, ఇంతకుముందు మొదలవ్వకపోతేనే మొదలెట్టి గడువుని ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌తో లెక్కేయి. ప్రీస్కేలర్, రీలోడ్ దగ్గర తాళం తీసి లేకపోతే క్యూఎము లాగ్ మాస్క్‌తో లాగ్ గెస్ట్ ఎర్రర్ కింద ఒక ముక్క రాసి వదిలేయి, తీసి ఉంటే 3 బిట్లకో 12 బిట్లకో మాస్క్ చేసి దాచు. ఇక్కడ పొరపాటున అసర్ట్ పెట్టొద్దు. తప్పు చేసింది ఫర్మ్‌వేర్, దానికోసం క్యూఎము మొత్తం కూలిపోకూడదు, ఎంత చెత్త విలువ రాసినా డివైస్ మోడల్ బతికుండాలి.

గడువు లెక్కకి మల్‌డివ్64 వాడండి: రీలోడ్ ప్లస్ ఒకటి ఇంటూ ప్రీస్కేలర్, ఇంటూ వంద కోట్ల నానోసెకన్లు, బై ఎల్‌ఎస్‌ఐ. మామూలు 32 బిట్ల ఇంట్‌లో చేస్తే పొంగిపోయి అర్థంలేని గడువు వచ్చిద్ది. వచ్చినదాన్ని ఇప్పటి వర్చువల్ టైముకి కలిపి టైమర్ మాడ్‌కి ఇస్తే అయిపోయిద్ది. టైమ్ మొత్తం ఒకే చిన్న ఫంక్షన్లో లెక్కపెట్టండి, రెండుచోట్ల రాస్తే ఏదో ఒకచోట ఆ ప్లస్ ఒకటి మర్చిపోతారు.

యాక్సెస్ సైజు: మాన్యువల్ ప్రకారం ఈ పెరిఫెరల్స్‌ని 16 బిట్లతో గానీ 32 బిట్లతో గానీ ముట్టుకోవాలి, కాబట్టి వ్యాలిడ్ కింద కనిష్ఠం 2, గరిష్ఠం 4. వ్యాలిడ్ అంటే ఫర్మ్‌వేర్‌కి ఏది చెల్లిద్ది అని, ఇంప్ల్ అంటే నా ఫంక్షన్‌కి ఏ సైజులు చేతనవుతాయి అని. ఈ రెంటికీ తేడా తెలీక నేను చాలా రోజులు ఒకటే అనుకున్నా.

6. గడువు దాటితే

టైమర్ కాల్‌బ్యాక్‌లో ఒకటే ముఖ్యమైన పిలుపు, వాచ్‌డాగ్ పెర్ఫార్మ్ యాక్షన్. అంతే, రీసెట్ మీరే చేయొద్దు. అది క్యూఎంపీలో (బయటి ప్రోగ్రాములు క్యూఎముతో మాట్లాడే దారి) వాచ్‌డాగ్ ఈవెంట్ పంపించి, యూజర్ ఏది ఎంచుకుంటే అది చేసిద్ది, ఏమీ ఎంచుకోకపోతే రీసెట్. యాక్షన్ ఆప్షన్లో వాచ్‌డాగ్‌కి పాజ్ అని ఇచ్చి నడిపితే రీసెట్ అవ్వాల్సిన క్షణంలో మెషీన్ మొత్తం ఆగి నిలబడిద్ది, అప్పుడు జీడీబీతో చూస్తే ప్రోగ్రామ్ కౌంటర్ సరిగ్గా ఏ లైన్లో ఇరుక్కుందో కనపడిద్ది. మా ఎస్‌డీ కార్డు గొడవ అప్పుడు ఈ ఒక్క సౌకర్యం ఉన్నట్టయితే కోల్డ్ స్టోరేజీ చుట్టూ నాలుగుసార్లు తిరిగే పని తప్పేది.

ఈ ఫంక్షన్ హెడర్ పాత సోర్స్‌లో సిస్ఎము ఫోల్డర్లో ఉండేది, 10.0 నుంచి ఆ ఫోల్డర్ పేరు సిస్టమ్ అయింది. పాత ఉదాహరణలు చూసి రాస్తే ఫైలు దొరకలేదని ఎర్రర్ వచ్చేది దీనివల్లే.

7. రీసెట్

ప్రీస్కేలర్ 0, రీలోడ్ ఎఫ్‌ఎఫ్‌ఎఫ్, తాళం వేసి, మొదలవ్వలేదు అని. చివర్లో టైమర్ డెల్. ఈ చివరిది నేను మర్చిపోయా. వేరే కారణంతో సిస్టమ్ రీసెట్ కొట్టినా పాత గడువు బతికే ఉండి, వాచ్‌డాగ్ మొదలెట్టని బూట్‌లోడర్ మధ్యలోనే మళ్లీ రీసెట్ వచ్చేది. ఒక రాత్రంతా బూట్‌లోడర్ని తిట్టుకున్నాను. రీసెట్ ఫంక్షన్ రాసేటప్పుడు స్ట్రక్చర్ పక్కన పెట్టుకుని ఒక్కో మెంబర్‌కీ వేలు పెట్టి ఇది రీసెట్‌లో ఏమవ్వాలి అని అడగండి.

సేవ్ అండ్ లోడ్ కోసం వీఎంస్టేట్ (ఏ మెంబర్లు దాచాలో చెప్పే పట్టిక) కూడా రాయాలి, మారే మెంబర్లన్నీ, టైమర్‌తో సహా.

8. చిప్పులోకి కలపడం

వాచ్‌డాగ్ ఫోల్డర్లో కేకాన్ఫిగ్‌కి ఒక పేరు, మెసాన్ బిల్డ్ ఫైల్లో ఒక లైను, ఆర్మ్ కేకాన్ఫిగ్‌లో ఎఫ్405 చిప్పు కింద సెలెక్ట్ ఒకటి. ఆ తర్వాత ఆర్మ్ ఫోల్డర్లోని ఎఫ్405 ఎస్‌ఓసీ ఫైలు (చిప్పులోని డివైస్‌లన్నీ కలిపే ఫైలు) తెరిచి, స్టేట్‌లో మన డివైస్ పెట్టి, ఇనిట్‌లో ఆబ్జెక్ట్ ఇనిషియలైజ్ చైల్డ్, రియలైజ్‌లో సిస్‌బస్ రియలైజ్, ఆపైన సిస్‌బస్ ఎంఎంఐఓ మ్యాప్‌తో 40003000 దగ్గర కూర్చోబెట్టండి. అదే అడ్రస్ ఉన్న ఖాళీ డబ్బా లైను తీసేయండి. తీయకపోయినా దాని ప్రాధాన్యం తక్కువ కాబట్టి మనదే గెలిచిద్ది, కానీ చదివేవాళ్లకి గందరగోళం.

ఇంటరప్ట్ ఉన్న పెరిఫెరల్ అయితే సిస్‌బస్ ఇనిట్ ఐఆర్‌క్యూ, కనెక్ట్ ఐఆర్‌క్యూ కూడా కావాలి. దాంట్లో నేను పాటించే పద్ధతి, స్టేటస్‌నీ ఎనేబుల్‌నీ కలిపి చూసి లైను ఎత్తాలా దించాలా తేల్చే ఫంక్షన్ ఒక్కటే రాసుకుని, ఏది మారినా దాన్నే పిలవడం.

9. టెస్టు రాయడం

క్యూఎముతో వచ్చే టెస్టు పద్ధతి క్యూటెస్ట్‌లో ప్రాసెసర్ నడవదు, మన టెస్టే నేరుగా అడ్రస్‌కి రాసిద్ది, టైము కూడా మన చేతిలోనే ఉంటది. నా మొదటి టెస్టు ఇలా: కీలో సీసీసీసీ, 5555, రీలోడ్‌లో 1999, ఏఏఏఏ మాత్రం రాయకుండా క్లాక్ స్టెప్‌తో 511 మిల్లీసెకన్లు ముందుకి. రీలోడ్ చదివితే 1999నే ఉండాలి, అంటే ఇంకా రీసెట్ అవ్వలేదని. ఇంకో 2 మిల్లీసెకన్లు జరిపితే వాచ్‌డాగ్ ఈవెంట్ రావాలి, రీసెట్ ఈవెంట్ కూడా వచ్చాక చదివితే ఎఫ్‌ఎఫ్‌ఎఫ్. ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ నుంచి మొదలవ్వడం, గడువు లెక్క, రీసెట్ మూడూ ఒకేసారి తేలిపోతాయి. తాళం తీయకుండా రాస్తే మారకూడదు అనే టెస్టు ఇంకోటి. నిజం బోర్డు మీద 32 సెకన్ల టైమౌట్ పరీక్షించాలంటే 32 సెకన్లు కూర్చోవాలి, ఇక్కడ కన్నుమూసి తెరిచేలోపు అయిపోయిద్ది.

10. ఎల్‌ఎస్‌ఐ మార్చి చూడటం

ఫ్రీక్వెన్సీని డివైస్ ప్రాపర్టీగా పెట్టమన్నది దీనికోసమే. ఎఫ్405 డేటాషీట్‌లో ఎల్‌ఎస్‌ఐ కనిష్ఠం 17, మామూలుగా 32, గరిష్ఠం 47 కిలోహెర్ట్జ్. చిప్పు చిప్పుకీ మారిద్ది, వేడికీ మారిద్ది. మేం రెండు సెకన్లు అనుకున్న టైమౌట్ 47 దగ్గర 1.36 సెకన్లు, 17 దగ్గర 3.76. గొడవ పెట్టిన ఆ బోర్డులో తర్వాత కొలిస్తే 41 చుట్టుపక్కల వచ్చింది, అంటే దాని గడువు 1.56 సెకన్లే. టేబుల్ మీద ఎందుకు దొరకలేదంటే మేం టేబుల్ మీద ఖాళీ ఎస్‌డీ కార్డు పెట్టాం, అక్కడ నిండిన కార్డు ఉంది.

ఇప్పుడు గ్లోబల్ ఆప్షన్‌తో ఆ ప్రాపర్టీకి 47000 ఇచ్చి ఒకసారి, 17000 ఇచ్చి ఒకసారి ప్రతి రిలీజ్‌కి ముందు నడుపుతాం. ఐకౌంట్ ఆప్షన్ కూడా పెడితే టైము ఇన్‌స్ట్రక్షన్ల లెక్కన నడిచి ప్రతిసారీ ఒకే ఫలితం వచ్చిద్ది. కానీ క్యూఎము సైకిల్ లెక్క తప్పకుండా నడిపే సిమ్యులేటర్ కాదు, ఫలానా పని ఇన్ని మిల్లీసెకన్లే పట్టిద్ది అని దీన్ని చూసి కస్టమర్‌కి మాటివ్వొద్దు. ఆలస్యాన్ని మేం ఫర్మ్‌వేర్లో కావాలని పెట్టి, రీసెట్ వచ్చిందా, వచ్చాక డేటా బాగుందా అని చూస్తాం.

11. రీసెట్ ఎందుకైంది అని చెప్పే జెండా

ఇది చేయకపోతే పని సగమే. బూట్ అవ్వగానే మా ఫర్మ్‌వేర్ ఆర్‌సీసీలోని (రీసెట్లు, క్లాకులు చూసుకునే పెరిఫెరల్) సీఎస్‌ఆర్ రిజిస్టర్ చదివి, 29వ బిట్ ఉంటే వాచ్‌డాగ్ వల్ల లేచానని లాగ్‌లో రాసుకుంటది. మన డివైస్‌కి ఒక అవుట్‌పుట్ లైను పెట్టి, ఆర్‌సీసీ మోడల్‌కి ఇన్‌పుట్ పెట్టి ఎస్‌ఓసీ ఫైల్లో కలపాలి. కాల్‌బ్యాక్‌లో ముందు ఆ లైను ఒకసారి ఎత్తి దించి, తర్వాతే వాచ్‌డాగ్ పెర్ఫార్మ్ యాక్షన్. ఆర్‌సీసీ ఆ బిట్‌ని విడిగా ఒక మెంబర్లో దాచి, తన రీసెట్ ఫంక్షన్లో దాన్ని ముట్టుకోకూడదు, ఎందుకంటే క్యూఎము రీసెట్ అన్ని డివైస్‌లకీ వెళ్లిద్ది, తుడిచేస్తే ఫర్మ్‌వేర్ చదివేసరికి ఏమీ ఉండదు. అదే రిజిస్టర్ 24వ బిట్‌కి 1 రాసినప్పుడే తుడవాలి.

ఇంకో చిన్నది, 26వ బిట్ అంటే రీసెట్ పిన్ను జెండా కూడా దీంతోపాటే వెలగాలి, చిప్పులో లోపలి రీసెట్ ఏదొచ్చినా ఆ పిన్ను కిందికి లాగిద్ది కాబట్టి. మా పాత ఫర్మ్‌వేర్ ముందు 26 చూసి, ఎవరో బటన్ నొక్కారని రాసేసి ఊరుకునేది. కోల్డ్ స్టోరేజీ లాగులన్నీ బటన్, బటన్, బటన్ అని ఉండేవి, అక్కడ పనిచేసే మనిషిని అనవసరంగా అడిగాం కూడా. మోడల్లో రెండు బిట్లూ పెట్టిన రోజే అది బయటపడింది, 29 ముందు చూసేట్టు మార్చాం.